ముందు ఆ షూల సంగతి అడగండి

మీరు రాసిన దాన్ని నేను అర్థం చేసుకున్న తీరు మొదట చెబుతాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఎనిమిది నెలలుగా షటిల్ ఆడుతున్నారు. రాకెట్ తీగ తెగితే, షటిల్, టెన్నిస్ సామాన్లు మాత్రమే అమ్మే ఒక షాపులో గట్టింగ్‌కు, అంటే కొత్త తీగలు కట్టడానికి ఇచ్చారు. తీగ బిగువు 24 పౌండ్లు ఉండాలని మీరు నోటితో చెప్పారు. తిరిగి చేతికొచ్చిన రాకెట్ చెక్కపలకలా బిర్రుగా ఉంది. నాలుగో రోజు ఆటలో ఫ్రేమ్ పైభాగాన సన్నటి పగులు కనిపించింది. షాపుకు తీసుకెళ్తే కౌంటర్‌లో ఉన్న మనిషి రాకెట్‌ను చేతిలోకి కూడా తీసుకోకుండా "మీరే ఎక్కడో కొట్టి ఉంటారు" అని పదిమంది ముందు అన్నాడు. చివర్లో ఒక్క వాక్యం చేర్చారు: అదే మనిషి నెల కిందట "మెత్తగా ఉంటాయి" అని పరుగుకు వేసుకునే షూలు అమ్మాడని, కోర్టులో చీలమండ రెండుసార్లు మడత పడిందని.

నేను 19 ఏళ్ళు ఇలాంటి షాపులో పనిచేశాను. మొదటి మూడేళ్ళు కౌంటర్‌లో, మిగిలిన కాలమంతా వెనుక గదిలో గట్టింగ్ మెషిన్ దగ్గర. మీ కోపమంతా రాకెట్ మీద ఉంది. నాకు మాత్రం ఆ షూల వాక్యం దగ్గర మనసు కలుక్కుమంది. రాకెట్ విషయంలో తప్పు ఎవరిదో తేల్చడానికి కొంత పరిశీలన కావాలి. షూల విషయంలో అదేమీ అక్కర్లేదు, తప్పు పూర్తిగా షాపుదే. పైగా రాకెట్ పోతే ఇంకోటి కొనుక్కుంటారు, చీలమండ స్నాయువు తెగితే నెలల తరబడి ఆట ఉండదు. అందుకే ముందు షూల గురించి.

పరుగు షూ ముందుకు సాగే కదలిక కోసం తయారవుతుంది. మడమ కింద ఫోమ్ మందంగా ఉంటుంది, మడమ భాగం సాధారణంగా వేళ్ళ భాగం కంటే ఎత్తుగా ఉంటుంది. తిన్నగా పరుగెత్తేవారికి అది హాయి. షటిల్ కోర్టులో తిన్నగా పరుగెత్తేది ఎంత? పక్కకు దూకుతాం, వెనక్కి జరుగుతాం, నెట్ దగ్గర పెద్ద అడుగు వేసి ఒక్క కాలి మీద ఆగుతాం. పక్కకు ఆగిన ఆ క్షణంలో ఒంటి బరువంతా షూ బయటి అంచు మీద పడుతుంది. అంచు కింద మెత్తటి ఫోమ్ ఉంటే అది నొక్కుకుపోతుంది, పాదం అటు ఒరుగుతుంది, నేలకు ఎంత ఎత్తున ఉంటే అంత సులువుగా చీలమండ తిరుగుతుంది. మీకు జరిగింది అచ్చంగా ఇదే. కోర్టు షూకు అందుకే సోల్ పలుచగా, పాదం నేలకు దగ్గరగా ఉంటుంది. పక్కల గట్టి బిగింపు ఉంటుంది. అడుగున చెక్క నేలనూ సింథటిక్ మ్యాట్‌నూ పట్టుకునే గమ్ రబ్బరు ఉంటుంది. బొటనవేలు ఈడ్చుకునే చోట అరిగిపోకుండా అదనపు పొర ఉంటుంది.

షటిల్ షాపులో నిలబడి అమ్మే మనిషికి ఇది తెలియకపోవడం చిన్న లోపం కాదు. అతను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది: "ఎక్కడ ఆడతారు?" ఆ ప్రశ్న అడగకుండా మెత్తదనం చూపించి అమ్మాడు. దయచేసి ఈరోజు నుంచే ఆ షూలతో కోర్టులోకి దిగకండి. నడకకు, పరుగుకు వాడుకోండి.

షూల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మళ్ళీ కొనేటప్పుడు షాపు ఎలాంటిదో మీకు ఇక్కడే తెలిసిపోతుంది. పాదం కొలిచే లోహపు పలకను మీరు చూసే ఉంటారు. 1920ల్లో అమెరికాలో చార్లెస్ బ్రానాక్ రూపొందించిన ఆ పరికరం నేటికీ వాడుకలో ఉంది. అది పొడవును, వెడల్పును, వాటితో పాటు మడమ నుంచి బొటనవేలి మొదట ఉండే ఉబ్బు వరకు గల దూరాన్ని కొలుస్తుంది. ఈ మూడో కొలతను చాలామంది పట్టించుకోరు. షూ వంగవలసిన చోటు, పాదం వంగే చోటు ఒకటే కావాలి కదా, అది చెప్పేది ఈ కొలతే. పరికరం లేకపోయినా ఫర్వాలేదు. రెండు పాదాలనూ నిలబెట్టి చూడాలి, ఎందుకంటే చాలామందికి రెండూ సమానంగా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయే సైజు ఇవ్వాలి. ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళతోనే వేయించి చూడాలి. సాయంత్రానికి పాదం కొద్దిగా ఉబ్బుతుంది కాబట్టి పొద్దున్నే కొనవద్దని చెప్పాలి. షాపులోనే పక్కకు నాలుగు అడుగులు వేయించాలి. ఇవేవీ చేయకుండా "మీ సైజెంత?" అని అడిగి డబ్బా తెచ్చి ఇచ్చే పనికి ప్రత్యేక షాపు అవసరం లేదు.

ఇప్పుడు రాకెట్. ఇక్కడ మీకు నచ్చని మాటలు కొన్ని చెప్పాల్సి వస్తుంది, ఓపిగ్గా వినండి.

రాకెట్ బిర్రుగా అనిపించినంత మాత్రాన వాళ్ళు 24 కంటే ఎక్కువ బిగించారని చెప్పలేం. తీగ మెషిన్ మీద నుంచి దిగిన క్షణం నుంచే బిగువు కోల్పోవడం మొదలుపెడుతుంది. మొదటి 24 గంటల్లో పదో వంతు దాకా పోవడం మామూలే. ఆ తర్వాత నెమ్మదిగా, ఆడినా ఆడకపోయినా తగ్గుతూనే ఉంటుంది. మీ పాత తీగ ఎనిమిది నెలలది. తెగే నాటికి అది మొదట కట్టిన బిగువుకు చాలా కింద ఉండి ఉంటుంది. ఆ మెత్తదనానికి మీ చేయి అలవాటుపడింది. ఆ తర్వాత కొత్తగా కట్టిన 24 చేతికి వస్తే ఎవరికైనా చెక్కపలకలాగే అనిపిస్తుంది.

మెషిన్‌ను బట్టి కూడా తేడా వస్తుంది. చేత్తో తిప్పే క్రాంక్ మెషిన్ అనుకున్న బిగువు రాగానే పట్టు వేసి ఆగిపోతుంది. ఆగిన తర్వాత తీగ సాగి కొంత బిగువు పోతుంది. ఎలక్ట్రానిక్ మెషిన్ తీగ సాగిన కొద్దీ మళ్ళీ లాగుతూ ఆ అంకెను నిలబెడుతుంది. రెండింటి మీదా 24 అనే పెట్టినా రెండో దాని మీద కట్టిన రాకెట్ గట్టిగా ఉంటుంది. ఇంతకు ముందు వేరే చోట గట్టింగ్ చేయించి ఉంటే ఈ తేడా మీకు తప్పక తెలిసి ఉంటుంది. ఫోన్ యాప్‌తో తీగ మోగించి బిగువు కొలిచేవారు ఉన్నారు. ఒకే రాకెట్‌ను ఈ వారం, వచ్చే వారం పోల్చుకోవడానికి అది బాగానే పనికొస్తుంది. "నేను 24 చెప్పాను, యాప్ 21 చూపిస్తోంది, మోసం చేశారు" అని వాదించడానికి మాత్రం పనికిరాదు. ఎందుకంటే అడ్డ తీగలు నిలువు తీగల మధ్య నుంచి వెళ్ళేటప్పుడు రాపిడికే కొంత బిగువు పోతుంది.

ఈ మాటలన్నీ మీకు చెప్పాల్సింది నేను కాదు. రాకెట్ చేతికిచ్చేటప్పుడు ఆ షాపు మనిషి చెప్పాలి. "రెండు రోజులు గట్టిగా అనిపిస్తుంది, తర్వాత కుదురుకుంటుంది" అని ఒక్క మాట అంటే మీకు మొదటి అనుమానమే వచ్చేది కాదు. దానికంటే ముందే, ఎనిమిది నెలలుగా ఆడుతున్న మనిషి 24 అడిగితే "ఆ అంకె ఎందుకు ఎంచుకున్నారు?" అని అడగాలి. బిగువు పెరిగితే షటిల్ మీద అదుపు పెరుగుతుంది, కానీ తీగల మధ్య సరిగ్గా తగిలే చోటు చిన్నదవుతుంది, మోచేతి మీద భారం పడుతుంది. మీ దశలో ఉన్నవాళ్ళకు నేను 20 నుంచి 22 మధ్యే కట్టేవాణ్ణి. పెద్ద ఆటగాళ్ళ అంకెలు విని 28 అడిగిన పిల్లలను కూర్చోబెట్టి ఎందుకు వద్దో చెప్పేవాణ్ణి. కొందరు అలిగి వెళ్ళిపోయారు కూడా. అయినా చెప్పడం మానలేదు.

పగులు సంగతికి వద్దాం. ఒక లెక్క చూడండి. షటిల్ రాకెట్‌లో సాధారణంగా 22 నిలువు తీగలు ఉంటాయి. 24 పౌండ్లంటే దాదాపు 11 కిలోలు. మెషిన్ మీద కట్టేటప్పుడు ఒక్కో తీగ అంత బరువుతో లాగుతుంటే నిలువు తీగలే అన్నీ కలిసి సుమారు 240 కిలోల బలంతో ఫ్రేమ్‌ను నొక్కుతాయి. అడ్డ తీగలు పక్కల నుంచి నొక్కుతాయి. ఇంతటి ఒత్తిడిని మోసేది మొత్తం బరువే 80 నుంచి 90 గ్రాములు ఉండే కార్బన్ రాకెట్. ఒత్తిడి అన్ని వైపులా సమానంగా ఉన్నంతసేపే అది నిలబడుతుంది. అందుకే ఒక తీగ తెగగానే మిగతా తీగలన్నీ మధ్య నుంచి కత్తిరించేయాలి. మీరు కత్తిరించారా? తెగిన తీగతోనే సంచిలో పెట్టి కొన్ని రోజుల తర్వాత షాపుకు తీసుకెళ్ళారా? ఈ ఒక్క విషయం మీ ప్రశ్నలో లేదు. అదే చాలా ముఖ్యం. కత్తిరించకపోతే ఫ్రేమ్ ఒక పక్కకు లాగబడి అప్పటికే బలహీనపడి ఉండవచ్చు.

పగులును ఇలా చూడండి. ఫ్రేమ్ బయటి అంచున రంగు ఎగిరిపోయి, సొట్టలాగా ఉండి, పగులు అక్కడి నుంచే మొదలైతే అది దెబ్బ వల్లే అయి ఉంటుంది. డబుల్స్‌లో జతగాడి రాకెట్‌కు తగిలినా, షటిల్ కోసం వంగి నేలను గీరినా అలా అవుతుంది. బయట రంగు చెక్కుచెదరకుండా ఉండి, పగులు తీగ రంధ్రం దగ్గర మొదలై ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి పాకినట్టు ఉంటే బిగువునో, గట్టింగ్ పద్ధతినో అనుమానించాలి. రంధ్రాల్లో ఉండే ప్లాస్టిక్ గొట్టాలను, అంటే గ్రొమెట్లను చూడండి. అవి చిట్లిపోయి తీగ నేరుగా కార్బన్‌ను కోస్తూ ఉంటే, వాటిని మార్చకుండా గట్టింగ్ చేయడం షాపు తప్పు.

ఇంకొక పరీక్ష ఉంది. నియమాల ప్రకారం షటిల్ రాకెట్ మొత్తం పొడవు 680 మిల్లీమీటర్లు, వెడల్పు 230 మిల్లీమీటర్లు దాటకూడదు, కంపెనీలు ఆ లోపే తమ కొలతలు పెట్టుకుంటాయి. మీకు కావలసింది అదే మోడల్ ఇంకొక రాకెట్. ఎవరి దగ్గరైనా దొరికితే రెండింటి తలను పొడవు, వెడల్పు కొలవండి. మీది పొట్టిగా, వెడల్పుగా మారి ఉంటే గట్టింగ్ చేసేటప్పుడు మెషిన్ ఆసరాలు సరిగ్గా బిగించలేదనో, అడ్డ తీగలు వదులుగా కట్టారనో అర్థం. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాను పట్టించుకోకండి. అంతకు మించితే ఫోటో తీసి పెట్టుకోండి. రాకెట్ కడ్డీ మీదో, పిడి పైన ఉండే మూత మీదో ఆ రాకెట్ ఎన్ని పౌండ్ల వరకు తట్టుకుంటుందో ముద్రించి ఉంటుంది, దాన్ని కూడా ఫోటో తీయండి. అక్కడ 24 కంటే తక్కువ రాసి ఉంటే, మీరు అడిగినా వాళ్ళు కట్టకుండా ఉండాల్సింది.

ఇంత చూశాక కూడా పగులు దెబ్బ వల్లే వచ్చిందని తేలవచ్చు. అయినా ఆ షాపు మీకు జవాబుదారీయే. ఎందుకో చెప్పడానికి నాకు జరిగినది చెప్పాలి.

మెషిన్ దగ్గరికి మారిన మొదటి ఏడాదిలో ఒక కుర్రాడి రాకెట్ నా చేతుల్లో విరిగింది. పదిహేనో తీగ లాగుతుండగా టప్‌మని శబ్దం వచ్చి ఫ్రేమ్ లోపలికి కుంగిపోయింది. విప్పి చూస్తే పైభాగాన పాత పగులు ఒకటి ఉంది, దాని అంచున మట్టి కూడా పేరుకుని ఉంది. తప్పు నాది కాదని నాకు పెద్ద ఊరట. పరుగున వెళ్ళి మా యజమానికి చూపించాను. ఆయన రాకెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి ఒకే ప్రశ్న వేశారు: "తీసుకునేటప్పుడు చూశావా?" చూడలేదు. "ఆ అబ్బాయికి చూపించావా?" లేదు. ఆయన ఆ కుర్రాడికి అదే రకం కొత్త రాకెట్ ఇచ్చి, నా ముందే అతనికి క్షమాపణ చెప్పారు. ఆ రోజు నుంచి ఎవరు రాకెట్ ఇచ్చినా వాళ్ళ ఎదుటే ఫ్రేమ్ చుట్టూ వేలు పోనిచ్చి తడిమి చూసేవాణ్ణి. గీత కనిపిస్తే చూపించి, చీటీలో రాసి, "కట్టేటప్పుడు పోవచ్చు, మీ ఇష్టమేనా?" అని అడిగేవాణ్ణి. రాకెట్‌కు ఇది ఒక్క నిమిషం పని.

మీ షాపులో ఆ నిమిషం ఎవరూ వెచ్చించలేదు. తీసుకునేటప్పుడు చూడలేదు, చీటీ రాయలేదు, ఫిర్యాదు చేసినప్పుడు కూడా చేతిలోకి తీసుకోలేదు. చూడని మనిషికి "మీరే కొట్టి ఉంటారు" అనే హక్కు ఎక్కడిది? మీరు గట్టిగా నిలబడాల్సింది ఈ మాట మీదే. "మీరు ఎక్కువ బిగించారు" అంటే నిరూపించలేరు, వాదన పెరుగుతుంది. "తీసుకునేటప్పుడు రాకెట్ ఎలా ఉందని రాసుకున్నారు? ఎన్ని పౌండ్లు కట్టారని రాసుకున్నారు? చూపించండి" అంటే వాళ్ళ దగ్గర సమాధానం ఉండాలి, లేకపోతే తప్పు ఒప్పుకోవాలి.

ఇలాంటి షాపుల్లో మర్యాద ఎందుకు తగ్గిపోతుందో కూడా నాకు తెలుసు. గంటసేపు షూలు వేసుకుని చూసి, సైజు తెలుసుకుని, బయటికెళ్ళి ఇంటర్నెట్‌లో కొనుక్కునేవాళ్ళను రోజూ చూస్తే కౌంటర్‌లోని మనిషికి విసుగు వస్తుంది. అమ్ముడుపోని సరుకు మీద ఎక్కువ కమీషన్ పెడతారు, దాంతో మెత్తటి పరుగు షూ షటిల్ ఆటగాడి కాళ్ళకు చేరుతుంది. గట్టింగ్ చేసేవాడు లోపల ఉంటాడు, చెప్పింది వినేవాడు బయట ఉంటాడు, మధ్యలో మాట మారిపోతుంది. ఇవన్నీ నిజాలే. వాటిలో ఏదీ మీకు సంబంధించిన బాధ్యత కాదు. పదిమందిలో అవమానించడానికి వాటిలో ఏదీ కారణం కాదు.

ఎలా వెళ్ళాలంటే, రద్దీ లేని వేళ వెళ్ళండి. మొదట షూలు, బిల్లు మాత్రమే బయటికి తీయండి, రాకెట్ సంచిలోనే ఉండనివ్వండి. కౌంటర్‌లోని మనిషితో కాకుండా నిర్ణయం తీసుకోగల మనిషితో, యజమానితోనో మేనేజరుతోనో మాట్లాడాలని చెప్పండి. ఇలా అనండి: "నేను షటిల్ ఆడతానని మీకు తెలుసు. మీ మనిషి నాకు పరుగు షూలు ఇచ్చాడు. చీలమండ రెండుసార్లు మడత పడింది. వీటికి బదులు కోర్టు షూలు ఇవ్వండి, ధరలో తేడా ఉంటే నేను కడతాను." మెత్తదనం గురించి అతను అన్న మాట గుర్తుంటే ఉన్నదున్నట్టు చెప్పండి. అయితే ఒక విషయం ముందే అనుకుని వెళ్ళండి. నెలరోజులు వాడిన షూలను వాళ్ళు తిరిగి అమ్మలేరు, కాబట్టి పూర్తి విలువ ఇవ్వకపోవచ్చు. కొత్త జత మీద మంచి తగ్గింపు ఇస్తామంటే అది న్యాయమైన బేరమే, ఒప్పుకోండి.

అది తేలాక రాకెట్ తీయండి. గట్టింగ్ చేసిన మనిషిని బయటికి పిలిపించండి. పనివాడితో పనివాడిగా మాట్లాడితే చాలాసార్లు నిజం అక్కడే తెలుస్తుంది, తన పని మీద గౌరవం ఉన్నవాడు పగులు చూడగానే చెప్పేస్తాడు. రాకెట్ కూడా అక్కడే కొని ఉంటే కంపెనీకి పంపమని అడగండి. వారంటీ మామూలుగా తయారీ లోపాలకే వర్తిస్తుంది, దెబ్బలకూ ముద్రించిన హద్దు దాటిన బిగువుకూ వర్తించదు. కంపెనీవాళ్ళు మొదట అడిగేది ఎన్ని పౌండ్లు కట్టారని. అందుకని కూడా ఆ చీటీ అవసరం. ఈలోగా పగిలిన ఫ్రేమ్‌కు జిగురు పెట్టించకండి, మళ్ళీ గట్టింగ్ చేయించకండి, దానితో ఆడకండి. ఆట మధ్యలో విరిగిన కార్బన్ ముక్క కంటికి తగలడం ఊహించడానికే భయం వేస్తుంది.

యజమాని కూడా వినకపోతే జరిగినది తేదీలతో ఒక పేజీ రాసి, ఫోటోలు జతచేసి ఇవ్వండి. జవాబుకు పది రోజులు గడువు పెట్టండి. ఆ తర్వాత వినియోగదారుల ఫిర్యాదులు స్వీకరించే చోటికి వెళ్ళండి, నలుగురికీ తెలిసేలా రాయండి. రాసేటప్పుడు ఆ కౌంటర్ మనిషి పేరు రాయకండి. అతనికి ఎవరూ పని నేర్పకుండా అక్కడ నిలబెట్టి ఉండవచ్చు.

మీ సమాధానంలో నాకు మూడు ఫోటోలు కావాలి. పగులును బయటి వైపు నుంచి ఒకటి, లోపలి వైపు నుంచి ఒకటి, తీగలన్నీ కత్తిరించిన తర్వాత ఫ్రేమ్ తలను నేల మీద పెట్టి పై నుంచి తీసింది ఒకటి. తీగ తెగిన రోజుకూ షాపుకు ఇచ్చిన రోజుకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయో రాయండి. చీలమండ వాపు ఇంకా తగ్గకపోతే ఇవన్నీ పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించండి.